స్కోపు అద్దానికి కుంకుమ బొట్టు

ఆఫీసులో నా పక్క సీటు ప్రసాద్, తుపాకీ లైసెన్సు వచ్చినప్పటి నుంచి కుందేళ్ళ వేటకూ, టార్గెట్ ప్రాక్టీసుకూ ఏది కొనాలని నా బుర్ర తిన్నాడు. పాయింట్ ట్వంటీ టూ రైఫిల్ చాలన్నాను. పెద్దదైతే కూరకు ముక్క కూడా మిగలదన్నాను. మూతి ముడుచుకునే కొన్నాడు.

ఈ రోజు మా ఊరు విండ్సర్ బయట ఉన్న షూటింగ్ రేంజికి తీసుకువెళ్ళాను. అతను పేల్చిన ఒక్క గుండూ టార్గెట్‌కు తగల్లేదు. అందరి ముందూ నా మీద ఎగిరాడు.

“నేను ముందే అన్నా కదన్నా, ఈ పిల్ల తుపాకీ వేస్టని! స్కోపులో ఏమీ కనిపించట్లేదు.”

తుపాకీ మీద గురి చూసే ఆ గొట్టానికి నేను కన్ను పెట్టి చూశాను. లోకమంతా ఎర్రగా ఉంది.

“అద్దం మీద ఇదేంట్రా?”

“బొట్టన్నా. కొత్త బండికి పెట్టమా? పొద్దున పూజ చేసి పెట్టా.”

“తుడువు.”

“తుడిస్తే అశుభం కదన్నా. పెద్ద రైఫిల్‌కి ఎక్స్చేంజ్ చేద్దాం.”

ఈ మహానుభావుడు మా టీములో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టాల్సిన టెస్టింగ్ లీడ్. హెడ్‌లైటుకు బొట్టు పెట్టి, రోడ్డు కనపడటం లేదని కారు మార్చే రకం. ఇలాంటివాళ్ళు మీ పక్క సీట్లో కూడా ఉంటే చెప్పండి, కలిసి ఏడుద్దాం.

అతని పూజ మాత్రం వృథా కాలేదు. మా ఊరి కుందేళ్ళన్నీ చల్లగా ఉన్నాయి.