వియత్నాం నివేదికలో లేబర్ క్యాంప్

ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఇంకా ఐదేళ్ళు ఉందనగా, దోహాలో నేను పనిచేస్తున్న ప్రీకాస్ట్ కంపెనీ నన్ను యార్డ్ ప్లానింగ్ నుంచి తప్పించి కొత్త పెట్టుబడుల విభాగానికి మార్చింది. విభాగం అంటే అబూ హమూర్ ఆఫీసులో కిటికీ లేని ఒక గది, నేను, ఒక ప్రింటరు. హోదా సీనియర్ కాస్ట్ ఇంజనీర్, అంటే ఖర్చులు లెక్కగట్టేవాణ్ణి. ప్రీకాస్ట్ అంటే దూలాలు, స్తంభాలు, మెట్లు, గోడ పలకలు అన్నీ యార్డ్‌లోనే అచ్చుల్లో పోతపోసి, గట్టిపడ్డాక లారీల మీద సైటుకు తీసుకెళ్ళి క్రేనుతో నిలబెట్టే పని. అప్పట్లో దోహాలో ఎటు చూసినా క్రేన్లే. మా యార్డ్‌లో ఊపిరి సలపనంత పని. అయినా మా జీఎం, జోర్డాన్ నుంచి వచ్చిన పెద్దమనిషి, ఆట అయిపోయాక ఈ అచ్చులన్నీ ఏం చేసుకుంటామని దిగులుపడేవాడు. వియత్నాంలో యార్డ్ పెడితే ఎలా ఉంటుందో మూడు నెలల్లో తేల్చమన్నాడు. అక్కడే ఎందుకు పెట్టాలన్న ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి, యల్లా, ఇక కానివ్వు, మిగతాది నువ్వే చూసుకో అన్నాడు.

జవాబు రాయడం కష్టమేమీ కాలేదు. ఇలాంటి నివేదికలో ముందు చూసేది గిరాకీ. అప్పటికే ఎక్కడెక్కడి కంపెనీలూ ఆ దేశంలో ఫ్యాక్టరీలు కడుతున్నాయి. కట్టే ప్రతి షెడ్డుకూ స్తంభాలూ దూలాలూ కావాలి, అవి మా సరుకే. తర్వాత రేవు, మన అచ్చులూ యంత్రాలూ ఓడలో దింపుకోవడానికి. తర్వాత పన్నులు, పారిశ్రామిక వాడలోకి వచ్చినవాళ్ళకు మొదటి కొన్నేళ్ళు మినహాయింపు. సిమెంటు, కంకర అక్కడే దొరుకుతాయి. ఆఖర్న మనుషులు. చదువూ వయసూ ఉన్న కార్మికులు కావలసినంత మంది ఉన్నారని రెండు వాక్యాలు రాసి పేజీ తిప్పేశాను. మనుషుల సంగతి మాకు తెలియనిదా అనుకున్నాను. అంత పొగరు ఉండేది నాకు.

మా కంపెనీలో ప్రతి కొత్త యార్డ్‌కూ ఒకే మూస వాడేవాళ్ళం. పోత షెడ్డు, కాంక్రీటు కలిపే ప్లాంటు, సరుకు ఆరబెట్టే స్థలం, పక్కన నాలుగు బ్లాకుల లేబర్ క్యాంప్, మెస్, బస్సులు ఆగే చోటు. ఆ మూసనే తీసి వియత్నాం స్థలం మీద పరిచాను. ఖర్చుల పట్టికా పాతదే. ఊరి పేరు మార్చాను, అంకెలు మార్చాను, వరసలు మాత్రం ముట్టుకోలేదు.

ఆ వరసల్లో 'శిక్షకుడు' అని ఒకటి ఉంది. పోత పని నేర్పే మనిషి. శాశ్వత ఉద్యోగం. విదేశంలో అయితే కుటుంబంతో నివాసం. శాశ్వతం ఎందుకంటే, దోహాలో పని బాగా వంటబట్టేసరికి కాంట్రాక్టు అయిపోయి మనిషి ఇంటికి వెళ్ళిపోతాడు, మళ్ళీ కొత్తవాడికి మొదటినుంచీ నేర్పాలి. ఆ నేర్పే పని ఎప్పటికీ తెగదు. ఆ ఉద్యోగానికి జీఎం మనసులో పెట్టుకున్నది మా ఫోర్‌మన్ మల్లేశాన్ని. ఆ మాట ఆయనకూ చెప్పేశాడు.

మల్లేశం జగిత్యాల వైపు మనిషి. పద్నాలుగేళ్ళుగా అచ్చుల దగ్గరే ఉన్నాడు. సుత్తితో ఒకసారి తట్టి, లోపల గాలి బుడగ ఎక్కడ మిగిలిందో చెప్పేవాడు. ఇంజనీర్లం మేం వాదించి, అచ్చు విప్పాక తలొంచుకునేవాళ్ళం. ఆయన జీతానికి ఖతర్‌లో ఫ్యామిలీ వీసా రాదు. ఒకసారి వేళ్ళు మడిచి నాకు చెప్పాడు: "అన్ని సెలవులు గలిపితె మా పద్మ, నేను ఒక్కకాడ ఉన్నది ఏడాది మీద రెండు నెల్లు సార్. పెండ్లయి పదిహేనేండ్లు."

నివేదిక ఇంకా నా బల్ల మీద ఉండగానే ఆయన భార్యకు పాస్‌పోర్టు చేయించేశాడు. తొందరపడ్డారు మల్లేశం అంటే, కాగితం పని ముందే అయిపోతే మంచిదే కదా అన్నాడు. ఫోనులో దాని ఫోటో చూపించాడు. ఆమె కెమెరాకు భయపడి బిగుసుకుపోయి ఉంది. మల్లేశం ఆ బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "మా అమ్మకు ఏడైనా దుబాయే సార్. గీ కొత్త దుబాయ్‌ల కోడలును గూడ రానిస్తరా అని అడుగుతుంది" అని నవ్వాడు.

రెండో నెలలో అక్కడి పారిశ్రామిక వాడ తరఫున లాన్ అనే అధికారిణి మా యార్డ్ చూడటానికి వచ్చింది. ఇచ్చిన ప్రతి కాగితమూ చదివే రకం. సైట్ ఆఫీసులో బల్ల మీద లేఅవుట్ పరిచాం. జీఎం, నేను, అచ్చుల గురించి అడిగితే చెప్పడానికి మల్లేశం. ఆమె పెన్సిలుతో నాలుగు బ్లాకులనూ చూపించి ఇవేమిటంది. గదికి నలుగురు, ప్రతి గదికీ ఏసీ, మంచి మెస్ అని నేను కాస్త గర్వంగానే వివరించాను. ఇందులో ఎవరు పడుకుంటారని అడిగింది. కార్మికులు అన్నాను. ఆమె ఖర్చుల పట్టికలోకి వెళ్ళి ఒక వరస దగ్గర ఆగింది. కార్మికులకు రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్ళి రావడానికి విమాన టికెట్టు. ఈ విమానం ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందని అడిగింది.

జీఎం పెద్దగా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. వియత్నాంలో పనిచేసే వియత్నాం వాళ్ళకు, ఇల్లు చేరడానికి నేను విమానం టికెట్టు రాశాను. ఆమె ఓపిగ్గానే చెప్పింది. మా దగ్గర పనివాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, మోటారు సైకిళ్ళ మీద వస్తారు, సాయంత్రం బడి దగ్గర పిల్లల్ని ఎక్కించుకుని, కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోతారు, మీ ప్లానులో బండ్లు పెట్టుకునే చోటు ఒక్కటీ లేదు అంది.

మల్లేశం నా పక్కకు వంగి ఏమంటుంది సార్ అన్నాడు. చెప్పాను.

"దినాం పోతరా ఇంటికి? అందరా?"

అందరూ అన్నాను.

"ఫ్యాక్టరీల జేసేటోల్లే?" అని మళ్ళీ అడిగి, జవాబు కోసం చూడకుండా ఆ నాలుగు బ్లాకుల వైపే చూస్తూ ఉండిపోయాడు.

నేనప్పుడు దోహాలోనే, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో భార్యతో కలిసి ఉండేవాణ్ణి. రోజూ ఆరింటికి మెట్లెక్కుతుంటే మా ఇంటి పోపు వాసన రెండో అంతస్తులోనే తగిలేది. పైకి చేరి, కారు పెట్టుకోవడానికి చోటు దొరకలేదని విసుక్కునేవాణ్ణి. రోజూ ఇంట్లో అన్నం తింటూనే, ఫ్యాక్టరీ అంటే పక్కన క్యాంప్ ఉండితీరాలని నేను ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టానో నాకే తెలియదు. ఆ రోజు నా మీద నాకు అసహ్యం వేసింది.

నివేదిక తిరగరాశాను. క్యాంప్, మెస్, టికెట్టు కొట్టేశాను. బండ్ల షెడ్డు వేశాను. పన్నెండు గంటల డ్యూటీలు తీసేసి ఎనిమిది గంటలవి పెట్టాను. ఇంటి దగ్గర పని దొరికినవాడు దాన్ని తేలిగ్గా వదలడని లాన్ చెప్పిన మాటను కార్మికుల పేజీలో మొదట రాశాను. పని నేర్చిన చెయ్యి ఆ యార్డ్‌లోనే ఉండిపోతుంది. అక్కడే ఎందుకన్న ప్రశ్నకు రేవులకన్నా, పన్ను మినహాయింపులకన్నా గట్టి జవాబు అదే. అలా రాసుకుంటూ శిక్షకుడి వరస దగ్గరికి వచ్చాను. మనిషి వెళ్ళిపోకుండా ఉంటే, నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది? అడగాల్సిన మనిషి ఒక్కడే.

టీ విరామంలో యార్డ్‌కు వెళ్ళి, ఎందుకు అడుగుతున్నానో, ఏడాది లోపు పనికి మా కంపెనీ కుటుంబ నివాసం ఇవ్వదన్నదీ చెప్పి, మల్లేశాన్ని అడిగాను. దాచి అడగడం నా వల్ల కాలేదు. ఆయన కప్పు కింద పెట్టి, తడి అచ్చు అంచును బొటనవేలితో తుడిచాడు. రెండేళ్ళని చెప్పమని నా లోపల ఎవరో అరుస్తున్నట్టు ఉంది.

"పోకుంట ఉంటె ఆర్నెల్లు సాలు సార్" అన్నాడు. తర్వాత, "ఆర్నెల్లల్ల రానోనికి ఆరేండ్లకు గూడ రాదు" అన్నాడు.

రెండు రోజులు ఆ వరసను అలాగే ఉంచాను. వదిలేసినా అడిగేవాడు లేడన్నది నిజం. కానీ ఆయన తన నోటితో తన పనిని అంత ఖచ్చితంగా తూచి చెప్పాక, నేను వేరే అంకె రాస్తే ఆయన పనితనాన్నే అబద్ధం చేసినట్టవుతుంది. శిక్షకుడు, ఆరు నెలలు అని రాశాను. పక్కనున్న కుటుంబ నివాసం కొట్టేశాను. నివేదిక ఆమోదం పొందింది. జీఎం నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మల్లేశం ఆరు నెలల కోసం అక్కడికి ఒంటరిగా వెళ్ళి, పని నేర్పి, దోహాకు తిరిగి వచ్చాడు. ఎలా ఉంది అక్కడ అని అడిగితే పని గురించి తక్కువే చెప్పాడు.

"ఐదున్నరకు గేటు కాడ నిలవడి సూస్తుంటి సార్. బండ్లన్నీ ఒక్కపారి బయలెల్లుతయి. నా దగ్గర నేర్సుకున్నోల్లు పోతా పోతా చెయ్యి ఊపేటోల్లు. అందరు పోయేదాంక ఉండి, నేను రూముకు పోయి పద్మకు ఫోన్ జేసేటోన్ని."

స్టేడియాల పనులు ముగిశాక ఆయన కంపెనీ లెక్క తేల్చుకుని ఊరు చేరాడు. నేనూ పదవీ విరమణ చేసి కాకినాడ వచ్చేశాను. పోయిన ఏడాది ఫోనులో మాట్లాడుకున్నాం. మాటల మధ్యలో ఆయనే అన్నాడు, "పద్మ పాస్‌పోర్టు బీరువల ఇంక అట్లనే ఉంది సార్. ఒక్క ముద్ర వడలె. తారీకు గూడ దగ్గరికొస్తుంది. మల్ల చేపియ్యాల్నా అని అడుగుతుంది." ఏం చెప్పారని అడిగాను. "చేపిద్దామన్న సార్. ఉండనీ" అన్నాడు.

ఇప్పటికీ ఒకరిద్దరు కుర్ర ఇంజనీర్లు ఇలాంటి నివేదికలు నాకు చూడమని పంపుతుంటారు. గిరాకీ, రేవులు, పన్నులు బాగానే రాస్తారు. నేను ముందు కార్మికుల పేజీ తీస్తాను. డ్యూటీ అయ్యాక ఈ మనిషి ఎక్కడికి వెళ్తాడో అందులో రాసి ఉందా అని చూస్తాను. లేకపోతే మిగతా పేజీలు చదవకుండా వెనక్కి పంపుతాను.