గీత పైకెక్కితే చాక్లెట్లు

మా పిల్లల ఆసుపత్రిలో జబ్బు పెరిగితే చాక్లెట్లు పంచే డాక్టరు ఒకాయన ఉండేవారు. ఊరికే నింద వేయడం లేదు, నేనూ తిన్నాను.

నేను ఆయన కింద కొత్త డాక్టరుగా చేరేనాటికే అందరూ ఆయన్ని నాలుకల డాక్టరు అనేవాళ్లు. కవసాకి అని పసిపిల్లల రక్తనాళాలు వాచిపోయే జబ్బు ఒకటుంది. రోజులు గడిచినా జ్వరం దిగదు, కళ్లూ నాలుకా ఎర్రబడతాయి. వేళకి మందు పడకపోతే గుండె నాళాలు దెబ్బతింటాయి. అందుకని చంటిపిల్ల కనబడితే చాలు, బస్సులోనైనా పెళ్లిభోజనాల దగ్గరైనా, ఈయనే ముందుగా తన నాలుక బయటపెట్టేవారు. పిల్లలు ఊరుకుంటారా, తిరిగి చూపించేవాళ్లు. ఆయనకు కావలసిందీ అదే. తల్లులు మాత్రం గబగబా సీటు మారేవాళ్లు.

దొరికిన ప్రతి కేసునూ గోడమీది చార్టులో ఎర్రసిరాతో చేర్చేవారు. ఏళ్ల తరబడి ఆ గీత పైకే ఎగబాకింది. ఎగబాకినప్పుడల్లా చాక్లెట్లు. ఒకరి పిల్లలకు జబ్బుచేస్తే మీకీ సంబరమేమిటండీ అని హెడ్‌నర్సు అక్క ఆయన్ని వాయించేది. ఆయన నవ్వి ఆవిడకు ఇంకోటి ఎక్కువిచ్చేవారు. మళ్లీ ఆ రోజులు వస్తే ఎంత బాగుండును!

ఒకరోజు, కొత్తగా వచ్చిన పెద్దసారు ఆ గోడ చూసి నోరు వెళ్లబెట్టారు. ఈ గీత బయటివాళ్ల కంటపడితే ఆసుపత్రి పరువు గంగలో కలుస్తుందన్నారు. రేపట్నుంచి లెక్కలూ నాలుకలూ కట్టిపెట్టమని తేల్చేశారు. మా డాక్టరుగారి ముఖం మాడిపోయింది.

"కొంచెం కిందికి చూడండి సార్," అన్నారాయన.

చార్టు అడుగున సన్నటి పెన్సిలు గీత ఒకటుంది. ఎర్రగీత లేస్తున్నకొద్దీ అది దిగుతూ వచ్చి అడుగుకు ఆనుకుంది. ఇన్నేళ్లూ నేను దాన్ని కాగితం అంచు అనుకున్నాను.

"జబ్బు పెరిగిందో, మనం పట్టుకోవడం పెరిగిందో నాకూ తెలీదు సార్. ఆ పెన్సిలు గీత మాత్రం గుండె దెబ్బతిన్న పిల్లలది. ఈ ఏడాది ఒక్కరూ లేరు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నోటితో అంటే మళ్లీ ఎక్కడ లేస్తుందోనని భయం సార్."

అన్ని లెక్కలు కట్టిన మనిషికి ఆ భయమేమిటో! ఆయన చాక్లెట్లు పంచింది వేళకి దొరికిన ప్రతి బిడ్డ కోసమేనని అప్పటికి నా బుర్రకెక్కింది. ఆయనమీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

పెద్దసారు, లెక్కలు మానొద్దులెండి, ఇంకేమైనా కావాలా అని అడిగారు.

"ఒక కుర్చీ ఇప్పించండి సార్. జ్వరం ఏ రోజు మొదలైందో బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లికి సరిగా గుర్తురాదు."

సాయంత్రానికల్లా పెద్దసారు తన గదిలోని మెత్తటి కుర్చీనే పంపించారు. అది మరీ పెద్దదవడంతో డాక్టరుగారి కుర్చీ బయట పెట్టించాల్సి వచ్చింది. మిగతా సర్వీసంతా ఆయన నిలబడే పిల్లల్ని చూశారు, మహా సంతోషంగా.