సేటు కాళ్లకు గాలి

నాకు కోపం ముక్కు మీదే కాపురముండే రోజులవి. నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరాను. నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పెద్ద ఆపరేషన్లయ్యి ప్రాణం మీదికొచ్చిన వాళ్లుండే ఐసీయూ. అబిడ్స్‌లో బట్టల దుకాణం నడిపే సేటు ఒకాయన పేగు పగిలి అక్కడికొచ్చాడు. ఆపరేషనయ్యాక మంచం దిగే ఓపిక లేదు. అలా పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు. దానికి రక్తం పల్చబరిచే ఇంజెక్షనుంది గానీ, కడుపులో ఇంకా నెత్తురు ఊరుతోందని పెద్ద డాక్టరు వద్దన్నారు. మిగిలిన దారి ఒక్కటే, పిక్కలకు చుట్టిన పట్టీల్లోకి గాలి కొట్టి వదులుతూ రక్తాన్ని కదిలించే యంత్రం.

సేటుకు అదంటే ఒళ్లుమంట. "ఏందమ్మా గిది, బుస్సుబుస్సుమని పాము లెక్క! తీసెయ్ జర." "తియ్యనండీ." (రోజంతా మా సంభాషణ ఇంతే.)

ఒక సాయంత్రం అటువైపు వెళితే బుస్సు వినపడలేదు. చూద్దును కదా, యంత్రం ప్లగ్గు నేలమీద పడుంది. దాని చోట సేటు బామ్మర్ది చార్జరు! ఆయన స్టూలు మీద కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. "ఫోన్ బందయితుండె సిస్టర్. బావ పండిండు గదా, ఇప్పుడు మిషన్‌తోని ఏం పని?" అన్నాడు. "మీకసలు బుద్ధుందా? ఆయన ఊపిరి ఆ వైరు మీదుంది! కాళ్లలో గడ్డకట్టి పైకి పాకితే మీ ఫోను లేపుతుందా ఆయన్ని?" అంటూ చార్జరు పీకి ఆయన ఒళ్లో పడేశాను. నా అరుపుకు ఎవరి గుండె ఆగిందోనని డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. సేటు మేలుకుని, ఆక్సిజన్ మాస్కు కిందికి లాగి, "నా పానం కన్న నీ ఫోనెక్కువైందారా? నడువ్ బయటికి!" అని గర్జించి, కుట్లతోనే లేవబోయాడు. డాక్టరూ నేనూ చెరో భుజం పట్టుకున్నాం.

కాళ్లకు స్కానింగ్ అయ్యేదాకా సేటు మంచం వదిలి కదల్లేదు (బామ్మర్ది మీద కోపంతోనని అందరికీ చెప్పాను). గడ్డ లేదు. నెత్తురు ఆగి ఇంజెక్షను మొదలయ్యేదాకా సేటే ఆ యంత్రానికి కాపలా. ఒళ్లు తుడవడానికి కాసేపు ఆపినా, "గాలేది? నా గాలి పెట్టున్రి!" అని ఐసీయూ అదిరేలా కేకలు. చివరికి తన కాళ్లమీదే నడిచి ఇంటికెళ్లాడు.

ఇప్పుడు నేను అక్కడే ఇన్‌ఛార్జిని. ప్లగ్గులు పీకే బామ్మర్దులు ఇంకా వస్తూనే ఉన్నారు. నేను ఎంతో మర్యాదగా వివరిస్తాను, వాళ్లూ అంతే మర్యాదగా తలూపి మళ్లీ ఫోను చూసుకుంటారు. అప్పుడు ఒకప్పటి నేను, ఆ నోరుగల పిల్ల, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఒక్క సాయంత్రం డ్యూటీకి వచ్చిపోతే బాగుండుననిపిస్తుంది.