హుమ్నాబాద్ పోయిన కొత్త పగ్గం

మా చిన్నప్పుడు... ఏరువాక పున్నమికి ముందురోజు మధ్యాహ్నం, చిరాగ్‌పల్లి రోడ్డుపక్కన నాన్న ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ముందు, ఒక ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు ఆవిరి కక్కుతూ ఆగింది. రెండే సీట్లు... నేలకు కడుపు ఆనించినంత కిందికి ఉంది.

దిగిన పెద్దాయన హైదరాబాదు నుంచి వస్తున్నారు. హుమ్నాబాద్ దవాఖానాలో ఆయన తమ్ముడికి మరునాడు పొద్దున ఆపరేషన్. అన్నదమ్ములిద్దరూ వయసులో ఉండగా కలిసి కొనుక్కున్న కారు అది. తమ్ముడిని లోపలికి తీసుకుపోయేలోగా ఆ ఇంజిను చప్పుడు వినిపించాలన్నది ఆయన పట్టుదల. వేరే బండి మాట్లాడిపెడతానని నాన్న అంటే ఒప్పుకోలేదు.

తెగింది ఫ్యాన్ బెల్టు. నాన్న దగ్గరున్నవన్నీ ట్రాక్టర్ల బెల్టులు. జహీరాబాదు దుకాణాలకు ఫోన్ చేస్తే ఆ కొలత ఎవరి దగ్గరా లేదు. అప్పుడు నాన్న చూపు దూలానికి వేలాడుతున్న కొత్త పగ్గాల మీద పడింది... పండుగనాడు మా ఎడ్లకు కట్టడానికి నానమ్మ జనపనారతో పేనిన జత.

నానమ్మ వద్దన్నది. కొత్త పగ్గం ఎద్దు మెడకు ఎక్కాకే దాన్ని మరో పనికి ముట్టాలి... అది మా ఇంటి కట్టడి. నాన్న ఆమె మాట దాటి ఒక పగ్గాన్ని కోశాడు. పుల్లీల చుట్టూ చుట్టి గట్టిగా ముడివేశాడు. కారు వంద గజాలు పోయింది. ముడి పుల్లీకి కొట్టుకుని ఊడిపోయింది.

నానమ్మకు కోపం వచ్చింది. పగ్గాన్ని కోసినందుకు కాదు... ముడివేసినందుకు.

"ముడేసి తిప్పితె ఆగుతదారా? నా పనిని గిట్ల బద్నాం జేస్తవా? జరుగు."

కొసల పురి విప్పింది. ఒక కొస పోగులను రెండో కొస పోగుల్లోకి జొనిపి, జానెడు పొడవునా అల్లింది. నీళ్లు చల్లితే నార బిగిసింది. రెండుసార్లు జారింది... రెండుసార్లూ విప్పి మొదటినుంచి అల్లింది. మూడోసారి, అతుకు ఎక్కడుందో నా వేలికి దొరకలేదు.

హుమ్నాబాద్ దాకా ఆగుతుందా అని పెద్దాయన అడిగారు.

"ఎద్దు గుంజినా తెగది. మీ బండికి ఎద్దుకన్న బలమా?"

కారు ముందుభాగానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. "ఇయ్యాల్టికి గిది గూడ మా ఎద్దే. ఇగ నిమ్మలంగ పోన్రి."

సాయంత్రం ఫోన్ వచ్చింది. మూడుచోట్ల ఆగి ఇంజినును చల్లార్చుకున్నారట. దవాఖానా కిటికీ కింద కారును మోగించారట. తమ్ముడు కిటికీ దాకా నడిచి వచ్చి, బెల్టు ఎప్పటిలా కీచుమనడం లేదేమని అడిగాడట.

మరునాడు మా జతలో ఒక ఎద్దు పాత పగ్గంతోనే ఊరేగింది. వాడకట్టు వాళ్లు ఎగతాళి చేస్తే నానమ్మ తల తిప్పకుండా చెప్పింది, "కొత్తది హుమ్నాబాద్ పోయింది."

ఇటువంటి పనిని 'ఏదో తాత్కాలిక సర్దుబాటు' అని కొట్టిపారేసే వాళ్లతో నేను కాలేజీ చర్చా వేదికల మీద ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నాను. అది విద్య. దానికి కొలత ఉంది, క్రమం ఉంది, తప్పును విప్పి సరిదిద్దుకునే ఓర్పు ఉంది.

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి... మా ఇంట్లో ఇప్పుడు ఎడ్లు లేవు, దూలానికి నైలాను తాడు వేలాడుతోంది, నానమ్మ లేదు. ఆ అల్లిక నాకు రాదు. దాని తరఫున వాదించడమే వచ్చు.

మీ ఇంట్లో ఏ చేతులకు తెలిసిన ఏ పని మీదాకా రాకుండా ఆగిపోయింది? రాయండి... ఈ ఒక్కసారి ఎదురు చెప్పను, వింటాను.