నాన్న కట్టిన బాప్తిస్మపు తొట్టి

నేను ఎన్నో ఏళ్లు ప్రార్థన చేశాక నాన్న బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. గ్రేటర్ నోయిడాలో మా తెలుగు సంఘానికి అప్పటికి సొంత తొట్టి లేదు. ఊళ్లో తాపీమేస్త్రీగా బతికిన మనిషి కాబట్టి, మందిరం వెనక తానే సిమెంటు తొట్టి కట్టడం మొదలుపెట్టాడు.

గోడలు లేచి ప్లాస్టరింగ్ అవగానే, వచ్చే ఆదివారమే నింపేద్దామన్నాను. ఇంతకుముందు ఒకసారి సరేనని, తీరా ఆ రోజుకి ఊరెళ్లిపోయాడు. మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనని నా భయం.

"ఇంకా పచ్చిగా ఉందమ్మా. ఇక్కడి ఎండకి గబుక్కున ఆరినా పగులుతుంది" అన్నాడు. గోడలకి గోనెసంచులు కప్పి పొద్దునా సాయంత్రం తడుపుతూ కూర్చున్నాడు. ఆదివారాలు గడిచిపోతున్నాయి.

"మీ నాన్న ఈసారీ తప్పించుకునేలా ఉన్నాడే!" అని సంఘంలో ఆంటీలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఒక సాయంత్రం ఆయన తొట్టి లోపల నీళ్లు కారకుండా పూత వేస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను. "నిజం చెప్పు నాన్నా, ఇష్టం లేకే సాగదీస్తున్నావా?"

కుంచె ఆపకుండానే అన్నాడు: "నోవహు ఓడకి లోపలా బయటా తారులాంటి కీలు పూశాకే కదే వాన మొదలైంది? నువ్వే చదివావు. నాకింకా బయట పూత మిగిలుంది."

రాత్రుళ్లు నేను బైబిలు వాక్యం పైకి చదువుతుంటే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. నిద్రపోయాడనే అనుకునేదాన్ని.

దేవుడికి స్తోత్రం చెప్పుకుని, ఇంకో కుంచె తీసుకుని బయటి గోడ దగ్గర కూర్చున్నాను.

"మెల్లగా వెయ్యి, సందులు వదలకు" అన్నాడు లోపల్నుంచి.

తొట్టి ఇప్పటికీ చుక్క కారదు. అందులో మొదట దిగింది నాన్నే.