ఆవిడ సినిమాల్లో లేని సీను

పిస్కాటవేలో మా పక్కింటావిడ దగ్గర ఒకే కథ మీద తీసిన సినిమాలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఆవిడ యూదు. వయసు ఎనభైకి దగ్గర. పిల్లలకు పియానో నేర్పి రిటైరైంది. వాళ్ళ నాన్న వాళ్ళ ప్రార్థనామందిరంలో పాటతో ప్రార్థన నడిపించేవాడట. ఆ సినిమాల్లో తండ్రి కూడా అలాంటివాడే. కొడుక్కి ఆయన గొంతే వస్తుంది, కానీ మందిరం వద్దు, థియేటర్ కావాలంటాడు. తండ్రి గుమ్మం చూపిస్తాడు. చివర్లో సరిగ్గా వాళ్ళ పెద్ద పండగ నాడే కొడుకు మొదటి షో పడుతుంది, అదే రోజు తండ్రి మంచాన పడతాడు. ఇక ఏడుపే ఏడుపు. కొన్ని నలుపు తెలుపువి, కొన్ని రంగులవి. పాటలు మారతాయి గానీ ఆ మంచం మారదు.

చలికాలం ఆదివారం మధ్యాహ్నాలు నేనూ మా అమ్మాయీ వెళ్ళి ఆవిడ సోఫాలో కూర్చునేవాళ్ళం. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. అది కొడుకు పార్టీ, నేను తండ్రి పార్టీ.

"వాడికి పాడాలని ఉంది, అంతే కదా నాన్నా! వాట్స్ ద ప్రాబ్లమ్?" అనేది.

"ఎక్కడ పాడాలో అక్కడ పాడమంటున్నాడు ఆయన. అదే ప్రాబ్లమ్," అనేవాణ్ణి.

ఆవిడ పాప్‌కార్న్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఏ పార్టీలోనూ చేరకుండా నవ్వేది.

ఆవిడకీ నాకూ ఇంకో స్నేహం కేలండర్ దగ్గర కుదిరింది. వాళ్ళ నాన్న పోయిన రోజుకి ఆవిడ ఏటా ఒక దీపం వెలిగిస్తుంది. అది ఇంగ్లీషు తేదీ కాదు, వాళ్ళ చాంద్రమానం లెక్క. అందుకే ఇంగ్లీషు తేదీ ఏటా మారిపోతుంది. మాకూ తిథి అలాగే మారుతుందని చెప్తే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, మీ రోజో?" అని అడిగింది. తిథి ఎప్పుడు పడితే అప్పుడు మొదలవుతుందంటే, నేనేదో హాస్యమాడుతున్నాననుకుంది.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన ఆఖరి ఆరేళ్ళూ మాతోనే, ఈ ఇంట్లోనే ఉన్నాడు. గొప్ప విద్వాంసుడేం కాదు, కానీ మంచి గొంతు. సొంతంగా కట్టుకున్న ఒక చిన్న పాటను రోజూ దీపం పెట్టాక పాడేవాడు. నాకు పదేళ్ళప్పుడు నేర్పబోయి, "శ్రుతి! ఒరేయ్, శ్రుతి!" అని నెత్తి కొట్టుకుని మానేశాడు. ఆ తర్వాత స్నానాల గదిలో కూడా నేను నోరు తెరవలేదు. మనవరాలికి మాత్రం ఆ పాట అబ్బింది. ఆయన పోయాక, తద్దినం నాటి సాయంత్రం అది ఆ పాట పాడాలని నేనే ఆచారం పెట్టాను. ఏ శాస్త్రంలోనూ లేదది. నాకు ఆయన గొంతు ఏడాదికొక్కసారైనా వినబడాలి, అంతే.

అమ్మాయి పెద్దదై ఇక్కడి యూనివర్సిటీలోనే చేరింది. చదువు కంప్యూటర్ సైన్స్, ప్రాణం థియేటర్. ఇరవయ్యేళ్ళకి ఒక మ్యూజికల్‌లో మెయిన్ రోల్ వచ్చింది. మొదటి షో శనివారం సాయంత్రం. నేను కేలండర్ చూశాను. ఏటా ఇక్కడి గుడివాళ్ళు ఇచ్చేది చూస్తాను గానీ, ఈసారి మా అక్క విజయవాడ నుంచి సూట్‌కేసులో తెచ్చినది గోడకుంది. ఫాల్గుణ బహుళ దశమి, తద్దినం తిథి, సరిగ్గా ఆ శనివారమే.

"షో ఏడింటికి నాన్నా. ఐదుకే రిపోర్ట్ చెయ్యాలి. సండే పాడతాను, ప్రామిస్," అంది.

"తాతగారేమన్నా సండే పోయారా?"

"నాన్నా, ప్లీజ్. నా కోసం అందరూ వెయిట్ చేస్తారక్కడ."

"తాతగారు ఒంటరిగా వెయిట్ చేస్తార్లే, పర్లేదు. ఆ పాట కావాలో, ఈ ఆట కావాలో తేల్చుకో!"

నోరు జారాను. జారాక వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదు. అది బ్యాగు సర్దుకుని ఫ్రెండ్ రూమ్‌కి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు మెల్లగా వేసింది. ధడాలుమని వేసి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. పది రోజులు ఫోను లేదు. మా ఆవిడ రోజూ కంచం పెడుతూ, "ఆ సినిమాల్లో ముసలాయనలా తయారయ్యారు, ఇక మంచమొక్కటే తక్కువ," అని దెప్పేది.

శుక్రవారం పొద్దున పదిన్నర. మా ఆవిడ ఆఫీసుకి వెళ్ళింది. నేను పైజామాలో, ఆమ్లెట్ తింటూ మీటింగ్‌లో ఉన్నాను. బెల్ మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో పురోహితుడు గారు, చేతిలో సంచీ, పంచె మీద చలికోటు.

"స్నానం కాలేదాండీ ఇంకా?" అన్నాడాయన, నా మూతి వంక చూస్తూ.

"తద్దినం రేపు కదండీ!"

"రేపేమిటండీ? ఇక్కడి లెక్కకి ఇవాళ మధ్యాహ్నానికే దశమి వచ్చేస్తుంది. ఇండియా కేలండర్ చూశారా ఏంటి?"

నేను వాట్సాప్‌లో తిథి మాత్రమే రాశాను. వారం రాయలేదు. ఆయన తన పంచాంగం చూసుకుని వచ్చాడు. కొంప మునిగింది! నాన్న తద్దినం నాడు ఉల్లిపాయ ఆమ్లెట్ తిని కూర్చున్న కొడుకుని నేను. పరుగున వెళ్ళి స్నానం చేసి వచ్చాను. ఆయన గొణుక్కుంటూనే, ఇంట్లో ఉన్న బియ్యం, కూరగాయలు దానం ఇప్పించి, ఉన్నంతలో జరిపించాడు. నువ్వులూ నీళ్ళూ వదిలాను. ఆచారం, ఆచారం అని కూతుర్ని ఇంట్లోంచి పంపేసి, ఆ ఆచారం ఏ రోజో కూడా తెలియనివాణ్ణయ్యాను.

ఆయన వెళ్ళాక పక్కింటికి పోయి ఆవిడతో చెప్పుకున్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఒక్కసారిగా నవ్వు ఆపేసింది.

"మా అన్న కూడా పాడేవాడు," అంది. "మా ఇంటికి నాలుగు వీధుల అవతల డాన్స్ హాల్లో. మా నాన్న ఒక్కరోజు కూడా వెళ్ళలేదు. అన్నా తిరిగి ఇంటికి రాలేదు. ఈ సినిమాలన్నీ ఎందుకు కొన్నానో తెలుసా? ఒక్కదాంట్లోనైనా ఆ తండ్రి కోటు తొడుక్కుని, కొడుకు పాట వినడానికి వెళ్తాడేమోనని. నా దగ్గర ఉన్నవాటిల్లో ఎవడూ వెళ్ళడు. మంచాన పడతాడు, కొడుకే రావాలి."

ఆ గదిలో అన్నేళ్ళు తండ్రి పార్టీ అంటూ ఆవిడ పక్కనే కూర్చున్నాను. సిగ్గేసింది. వంకీకి తగిలించిన నా కోటు తీసి ఆవిడే చేతికిచ్చింది.

థియేటర్ పార్కింగ్‌లోంచి మెసేజ్ పెట్టాను: బయట ఉన్నాను. అయిదు నిమిషాలకి అమ్మాయి వచ్చింది. ఆఖరి రిహార్సల్ మధ్యలో, మొహం నిండా మేకప్‌తో. కారెక్కి తలుపు వేసుకుంది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. "తిథి రేపు కాదు, ఇవాళ."

"నాకు తెలుసు నాన్నా."

"తెలుసా?"

"యాప్‌లో చూశాను. ఇక్కడ ఫ్రైడేనే. కానీ చెప్తే నువ్వు నమ్మవు కదా. షో కోసం ఎక్స్‌క్యూజ్ చెప్తున్నా అనుకుంటావు."

నిజమే, అలాగే అనుకునేవాణ్ణి. అది అబద్ధమాడుతుందని నేననుకుంటానని నా కూతురికి తెలుసు. ఆ మాట నాకు గుచ్చుకున్నంతగా ఆ పది రోజుల మౌనం కూడా గుచ్చుకోలేదు.

"మరి పాట?" అని మెల్లగా అడిగాను.

"ఈవినింగ్ బ్రేక్‌లో ఒక్కదాన్నే పాడదామనుకున్నా. ఇప్పుడు పాడనా?"

అద్దం వైపు చూస్తూ మొదలుపెట్టింది. అదే ఎత్తుగడ, అదే ఊపిరి. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. షో పాటల మధ్య ఆ మాటలు మరుగున పడ్డట్టున్నాయి. "నెక్స్ట్ ఏంటి నాన్నా?" అని చూసింది.

నాకు మాట తెలుసు. చెప్పబోయి, ఎందుకో, పాడాను. యాభై నాలుగేళ్ళవాణ్ణి, పదేళ్ళప్పుడు మూసుకున్న నోరు తెరిచాను. ఎంత అపశ్రుతి అంటే, అది గబుక్కున నెత్తి కొట్టుకుంది.

"శ్రుతి! నాన్నా, శ్రుతి!"

నాకు ఏడుపొచ్చేసింది. స్టీరింగ్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అదీ ఏడ్చింది. మేకప్ కారిపోతోందని మధ్యలో నవ్వింది, నన్ను తిట్టింది, నా కోటు చేతికే కళ్ళు తుడుచుకుంది. ఆ చరణం మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఈసారి నన్నూ పాడమంది. ఇద్దరం పూర్తి చేశాం.

లోపల్నుంచి ఎవరో పిలిచారు. దిగబోతూ, నా వంక చూడకుండా అడిగింది.

"రేపు వస్తావా?"

"ముందు వరసలో రెండు సీట్లు చూడు," అన్నాను. "ఒకటి అమ్మకి, ఒకటి నాకు."

ఇంకో మాట గుర్తొచ్చి, అద్దం దించి కేకేశాను.

"రెండు కాదు, మూడు. పక్కింటావిడ కూడా వస్తుంది."