రైల్లో పడిపోయిన టోకెన్

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో నాకు నిబంధనలంటే ఉన్న భక్తి తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే జాలి వేస్తుంది. హిందూపురంలో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో ఫోన్లు ఎత్తడం నా మొదటి పని. మా కంప్యూటర్లలోకి వెళ్లాలంటే పాస్‌వర్డుతోపాటు, తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న టోకెన్ మీద నిమిషానికోసారి మారే అంకె కూడా కొట్టాలి. అది పోగొట్టుకున్నవాళ్లు ఫోన్ చేస్తే, వాళ్లు చేరినప్పుడు రాసిచ్చిన జవాబులతో సరిపోల్చి, వాళ్లు వాళ్లేనని నేను తేల్చాలి. (ఇరవై మూడేళ్లకే ఎవరు ఎవరో తేల్చే అధికారం దొరికిందని లోలోపల పొంగిపోయాను.)

ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది మా అక్క. మా కంపెనీ పెనుకొండ యూనిట్లో ఆడవాళ్ల హాజరు కంప్యూటర్లో ఎక్కించే పని ఆమెది. నాతో మాట్లాడి ఎనిమిది నెలలైంది. నాయన పుట్టపర్తి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, సెలవు ఇవ్వలేదని నేను మూడు రోజులు ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే నాయనకు మాట పడిపోయింది. మరో వారానికి మనిషే లేడు.

"ధర్మవరం నుంచి వస్తాంటే రైల్లో యాడో పడిపోయింది టోకెను," అంది, పరాయివాడితో చెప్పినట్టు. "ఆరులోపల హాజరు ఎక్కీకపోతే ఈడ అందరికీ ఆబ్సెంటు పడతాది."

మా మాటలన్నీ రికార్డవుతాయి. గొంతు సవరించుకుని, "మీ పేరు చెప్పండి మేడం," అన్నాను.

ఇంటిపేరుతో సహా చెప్పింది. పుట్టిన ఊరు అడిగితే "రొద్దం" అంది. (నేనూ అక్కడే పుట్టాను.) మూడో ప్రశ్న రెండుసార్లు చదువుకున్నాను. 'మీరు అందరికన్నా ఎక్కువగా నమ్మే మనిషి ముద్దుపేరు?' పక్కనే ఆమె రాసిన జవాబు: గుండోడు. ఆ గుండోణ్ణి నేనే.

అడిగాను.

"దానికి జవాబు నాకు తెల్సు," అంది అక్క. "చెప్పను. రాసుకో."

"చెప్పకపోతే కుదరదు మేడం."

"కుదరకపోతే పోనీ."

నిబంధన ప్రకారం తిరస్కరించాను. ఇక మనిషే స్వయంగా రావాలి. నాలుగున్నరకు అక్క బస్సు దిగి, చెమటలు కక్కుతూ మా ఆఫీసు మెట్లెక్కింది. కొత్త టోకెన్ ఇవ్వాలంటే ఆమెను ఎరిగిన ఉద్యోగి ఫారం మీద సంతకం చేయాలి. అక్కడ ఆమెను ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. 'ఎంత కాలంగా తెలుసు' అన్నచోట, ఇరవై మూడేళ్లు అని రాశాను.

అక్క వంగి చూసింది. "మూడు దినాలు తగ్గించి రాయి," అంది.

నా పెన్ను ఆగిపోయింది. "ఫారంలో దినాలకు చోటు లేదక్కా," అన్నాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది, భుజాలు మాత్రం కదిలాయి. నవ్విందో ఏడ్చిందో ఈనాటికీ అడగలేదు.

మా ఆఫీసులోనే కూర్చుని హాజరంతా ఎక్కించింది. బస్టాండు దాకా వెనకే నడిచాను. బస్సు కదలబోతుండగా కిటికీలోంచి, "నాయన ఆ మూడు దినాలూ వాకిలి దిక్కే చూస్తాండె. నీతో చెప్పకూడదనుకుంటిరా," అంది.

మరునాడు ఎవరినీ అడగకుండా ఉద్యోగం మానేసి... కాదు, అంత ధైర్యం నాకెక్కడిది, ఒక్కరోజు పని ఎగ్గొట్టి ధర్మవరంలో అక్క ఇంటికి వెళ్లాను, అంతే. అడగకపోతే సెలవు ఎంత సులువుగా దొరుకుతుందో ఆ రోజే తెలిసింది. (తిరిగొచ్చాక నాలుగు తిట్లు, అంతే.) ఆ గుండోణ్ణి తలచుకుని ఇప్పుడు నవ్వుకుంటాను, కొంచెంగానే.